లినక్స్ అడ్మిన్ సర్టిఫికేషన్: పరీక్షకు చదివేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్ అడ్మినిస్ట్రేషన్ నేర్చుకుంటూ సర్టిఫికేషన్‌కు సిద్ధమయ్యేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. సిలబస్ మొత్తం ఇందులో లేదు. చాలామంది తడబడే చోట్ల కాస్త ఎక్కువసేపు ఆగాను, మిగతావి తొందరగా దాటేశాను. కమాండ్లను నోటితో ఎలా పలుకుతామో అలాగే రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట విడిగా చెప్పాను.

ఏ పరీక్షతో మొదలుపెట్టాలి?

పేరు కంటే ముందు పరీక్ష తీరు చూసుకోండి. లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ వారి ఎల్‌పీఐసీ-1లో రెండు పేపర్లు ఉంటాయి, 101, 102. ఒక్కో పేపరుకు 60 ప్రశ్నలు, 90 నిమిషాలు. మార్కులు 200 నుంచి 800 మధ్య వేస్తారు, 500 వస్తే పాస్. ఎక్కువ ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకోవచ్చు గానీ, కొన్నిటికి కమాండ్ పేరో ఫైలు పాతో మీరే టైప్ చేయాలి. స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్త.

రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ తీరే వేరు. అందులో ఛాయిస్‌లు ఉండవు. మెషీన్ ఇచ్చి పనులు చెబుతారు, చేసి చూపించాలి. 300కు 210 రావాలి. లినక్స్ ఫౌండేషన్ వారి ఎల్‌ఎఫ్‌సీఎస్ కూడా ఇలా చేతిపని పరీక్షే, సమయం 2 గంటలు. కాంప్‌టియా లినక్స్ ప్లస్‌లో రెండు రకాల ప్రశ్నలూ కలిసి వస్తాయి.

మీరు రాసేది ఏదైనా సరే, చేతిపని పరీక్షకు చదివినట్టే చదవండి. కమాండ్ కొట్టి ఫలితం చూసినవాళ్లకు ఛాయిస్ ప్రశ్న కష్టం కాదు. ఛాయిస్‌లు బట్టీ పట్టినవాళ్లు ఖాళీ టెర్మినల్ ముందు ఆగిపోతారు. సిలబస్ వెర్షన్లు మారుతుంటాయి కాబట్టి ఫీజు కట్టే ముందు ఆ సంస్థ సైట్‌లో తాజా అంశాల జాబితా ఒకసారి చూడండి.

ప్రాక్టీసుకు ఏం కావాలి?

ఉన్న కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషీన్లు పెట్టుకుంటే చాలు. గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేకుండా ఇన్‌స్టాల్ చేస్తే ఒక్కో దానికి 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ సరిపోతుంది. ఒకటి రెడ్ హ్యాట్ కుటుంబంలోది, ఆల్మా గానీ రాకీ గానీ; రెండోది డెబియన్ లేదా ఉబుంటు. వాటికి 5 జీబీ ఖాళీ డిస్కులు రెండు అదనంగా తగిలించండి, పార్టిషన్లు, డిస్కుల చోటును కలిపి పంచే ఎల్‌వీఎం వాటి మీదే నేర్చుకోవాలి. మొదలుపెట్టే ముందు స్నాప్‌షాట్ తీసుకోండి. పాడుచేసి, వెనక్కి తెచ్చి, మళ్లీ పాడుచేస్తేనే ఈ విద్య పట్టుబడుతుంది.

పర్మిషన్లలో 4, 2, 1 తెలుసు. అయినా ప్రశ్నలు తప్పుతున్నాయి, ఎందుకు?

చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అన్నది అందరికీ వచ్చు. పరీక్షలో పట్టుకునేది ఆ కూడిక దగ్గర కాదు, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ ఏ వరుసలో చూస్తుందన్న దగ్గర. మీరు ఫైలు ఓనర్ అయితే ఓనర్ అంకె ఒక్కటే చూస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ఓనర్ కాకపోయి గ్రూపులో ఉంటే గ్రూపు అంకె. రెండూ కాకపోతేనే మూడోది, అంటే మిగతావాళ్ల అంకె. అంటే పర్మిషన్ 077 ఉన్న ఫైలును ఊరంతా చదవగలరు, ఓనర్ మాత్రం చదవలేడు. నమ్మకం కుదరకపోతే మామూలు యూజర్‌గా ఒక ఫైలు సృష్టించి, సీహెచ్‌మాడ్ 077 కొట్టి, క్యాట్‌తో తెరిచి చూడండి. పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్‌గా, ప్రయత్నిస్తే ఈ తేడా కనిపించదు, రూట్‌కు ఈ అడ్డు లేదు.

రెండో చిక్కు డైరెక్టరీలది. డైరెక్టరీ మీద చదివే పర్మిషన్ ఉంటే లోపలి పేర్లు కనిపిస్తాయి, అంతే. లోపలికి వెళ్లాలన్నా, లోపలి ఫైలును తెరవాలన్నా నడిపే పర్మిషన్, అంటే ఎక్స్, ఉండాలి. ఇక ఫైలును తీసేయగలమా లేదా అన్నది ఆ ఫైలు పర్మిషన్ మీద ఆధారపడదు, అది ఉన్న డైరెక్టరీ మీద ఆధారపడుతుంది. 444 ఉన్న ఫైలైనా సరే, డైరెక్టరీలో రాసే హక్కు, ఎక్స్ ఉంటే ఆర్‌ఎమ్ తీసేస్తుంది. ఫైలు పేరు అనేది డైరెక్టరీలో ఒక ఎంట్రీ. తొలగించడమంటే ఆ ఎంట్రీని చెరిపేయడం, కాబట్టి హక్కు కూడా డైరెక్టరీదే.

యూమాస్క్ తీసివేతేనా?

కాదు. కొత్త ఫైళ్లకు ఏ పర్మిషన్లు ఇవ్వకూడదో చెప్పే అంకె యూమాస్క్. తీసివేత అనుకున్నా చాలాసార్లు సరైన జవాబే వస్తుంది, చిక్కంతా అక్కడే. ఫైలుకు మొదటి లెక్క 666, డైరెక్టరీకి 777. యూమాస్క్ 022 అయితే 644, 755. ఇక్కడ తీసివేత కుదిరింది. ఇప్పుడు 033 పెట్టి చూడండి. తీసివేస్తే 633 రావాలి. కానీ వచ్చేది 644. ఎందుకంటే 6లో ఉన్నవి 4, 2. మాస్క్‌లోని 3లో ఉన్నవి 2, 1. మాస్క్‌లో ఉన్న బిట్లను ఆపేయాలి. 2 ఆగిపోయింది, 1 మొదటి నుంచీ లేనే లేదు, 4 మిగిలింది. లేని బిట్‌ను తీసివేయలేం కదా. ఈ ఒక్క ఉదాహరణ కాగితం మీద చేసి చూస్తే యూమాస్క్ ప్రశ్నలో మళ్లీ తప్పు చేయరు.

ఎస్‌యూఐడీ, ఎస్‌జీఐడీ, స్టికీ బిట్ గుర్తుండటం లేదు.

మామూలు మూడు పర్మిషన్ అంకెల ముందు వచ్చే అంకెలివి. ఒక్కోదానికి ఒక్కో నిజమైన ఫైలు పక్కన పెట్టుకోండి. పాస్‌డబ్ల్యూడీ కమాండ్ మీద ఎస్‌యూఐడీ, అంటే 4, ఉంటుంది. మామూలు యూజర్ నడిపినా అది రూట్ హక్కుతో నడుస్తుంది, లేకపోతే పాస్‌వర్డ్‌లు ఉండే షాడో ఫైలులో దాన్ని మార్చలేదు. టీమ్ అంతా పంచుకునే డైరెక్టరీ మీద ఎస్‌జీఐడీ, అంటే 2, పెడితే లోపల పుట్టే ప్రతి ఫైలుకూ ఆ డైరెక్టరీ గ్రూపే వస్తుంది. /టీఎంపీ మీద స్టికీ, అంటే 1. అందరూ రాయవచ్చు, కానీ ఒకరి ఫైలును ఇంకొకరు తీసేయలేరు. అందుకే దాని పర్మిషన్ 1777. ఎల్‌ఎస్ ఫలితంలో చిన్న ఎస్ బదులు పెద్ద ఎస్ కనిపిస్తే కింద ఎక్స్ లేదని అర్థం.

యూజర్‌ను కొత్త గ్రూపులో చేర్చాను, పాత గ్రూపులు పోయాయి. ఏమైంది?

యూజర్‌మాడ్‌కు పెద్ద జీ ఆప్షన్ ఒక్కటే ఇచ్చి ఉంటారు. దాని అర్థం, ఇకపై ఈ యూజర్‌కు అదనపు గ్రూపులు ఇవే అని. ఉన్నవాటికి కలపాలంటే చిన్న ఏ కూడా ఉండాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనిది నా అకౌంట్ మీదే చేశాను. ఒక కొత్త గ్రూపులో చేర్చుకుందామని పెద్ద జీతో కొట్టాను, ఏ తప్పూ చూపించలేదు. అప్పటికే లాగిన్ అయి ఉన్నాను కాబట్టి ఆ సెషన్‌లో రూట్ హక్కుతో కమాండ్లు నడిపే సుడో పనిచేస్తూనే ఉంది. మర్నాడు లాగిన్ అయ్యాక సుడో కొడితే నేను సుడోయర్స్‌లో లేనని వచ్చింది. సుడో హక్కు ఇచ్చే వీల్ గ్రూపులోంచి నన్ను నేనే తీసేసుకున్నాను. రూట్ పాస్‌వర్డ్ తెలిసిన సహోద్యోగి వచ్చేదాకా టెన్షన్‌తో కూర్చున్నాను. అప్పటి నుంచి ఏ మార్పు చేసినా వెంటనే ఐడీ కమాండ్‌తో చూస్తాను, పాత సెషన్ మూయకుండానే ఇంకో విండోలో లాగిన్ అయి చూస్తాను.

పరీక్షకు ఇదే చోట గుర్తుంచుకోవాల్సినవి: /ఈటీసీలోని పాస్‌డబ్ల్యూడీ ఫైలులో ఒక్కో లైనుకు 7 ఫీల్డులు, షాడోలో 9. రూట్ యూఐడీ 0. మామూలు యూజర్లు ఇప్పటి డిస్ట్రోలలో 1000 నుంచి మొదలవుతారు.

హార్డ్ లింక్, సాఫ్ట్ లింక్ తేడా ఒక్క మాటలో?

ఐనోడ్ అంటే ఫైలు వివరాలు, దాని డేటా ఎక్కడుందో రాసి ఉండే రికార్డు. హార్డ్ లింక్ అదే ఐనోడ్‌కు ఇంకో పేరు. సాఫ్ట్ లింక్ ఒక పాత్ రాసి పెట్టిన చిన్న ఫైలు. ఈ ఒక్కటి అర్థమైతే మిగతావి వాటంతటవే తేలతాయి. ఐనోడ్ నంబర్లు ఒక ఫైల్‌సిస్టమ్ లోపలే చెల్లుతాయి, అందుకే హార్డ్ లింక్ ఇంకో పార్టిషన్‌కు వెళ్లదు. అసలు పేరును తీసేస్తే హార్డ్ లింక్‌కు ఏమీ కాదు, సాఫ్ట్ లింక్ తెగిపోతుంది. డైరెక్టరీకి సాఫ్ట్ లింకే పెట్టగలం.

డీఎఫ్ డిస్క్ నిండిందంటోంది, డీయూ సగం కూడా లేదంటోంది. ఏది నిజం?

రెండూ నిజమే. డీయూ డైరెక్టరీల్లో నడుచుకుంటూ వెళ్లి, పేరున్న ఫైళ్లను లెక్కపెడుతుంది. డీఎఫ్ నేరుగా ఫైల్‌సిస్టమ్‌ను ఎన్ని బ్లాకులు వాడుకలో ఉన్నాయని అడుగుతుంది. ఈ రెంటికీ మధ్య తేడా ఉందంటే, పేరు లేని ఫైలేదో చోటు ఆక్రమించుకుని ఉంది.

ఎలా జరుగుతుందో చూడండి. ఒక సర్వీసు 30 జీబీ లాగ్ ఫైలును తెరిచి పెట్టుకుని రాస్తోంది. మీరు ఆర్‌ఎమ్‌తో దాన్ని తీసేశారు. పేరు పోయింది, లింకుల లెక్క 0 అయింది. కానీ ఆ ప్రాసెస్ చేతిలో ఫైలు ఇంకా తెరిచే ఉంది. లింకులు 0 కావాలి, తెరిచి పట్టుకున్నవాళ్లూ ఎవరూ ఉండకూడదు. రెండూ జరిగితేనే కెర్నల్ బ్లాకులు వదులుతుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కు +ఎల్1 ఇస్తే, ఎల్ పెద్దక్షరం, ఇలాంటి ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రాసెస్‌లు బయటపడతాయి. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగి వస్తుంది. నడుస్తున్న లాగ్‌ను ఖాళీ చేయాలంటే తీసేయకండి, ట్రంకేట్ కమాండ్‌తో సైజు 0 చేయండి.

ఇంకో రకం కూడా ఉంది. చోటు ఉంది, అయినా నో స్పేస్ లెఫ్ట్ అంటోంది. అప్పుడు డీఎఫ్‌కు మైనస్ ఐ ఇచ్చి చూడండి, ఐనోడ్లు అయిపోయి ఉండవచ్చు. లక్షల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు పేరుకునే డైరెక్టరీల వల్ల ఇది వస్తుంది.

ఎఫ్‌స్టాబ్ ఫైలు అంటే భయం. తప్పు పడితే మెషీన్ లేవదు కదా?

లేవదు, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. చేతిపని పరీక్షలో ఆ దెబ్బ మామూలుది కాదు, చేసిన మిగతా పనులు కూడా దాంతో పోవచ్చు. బూట్‌లో ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైలు ఇది. ఒక్కో లైనులో 6 ఫీల్డులు: ఏ డివైస్, ఎక్కడ మౌంట్ చేయాలి, ఫైల్‌సిస్టమ్ రకం, ఆప్షన్లు, డంప్, ఎఫ్‌ఎస్‌సీకే వరుస. డివైస్ పేరు బదులు యూయూఐడీ, అంటే ఫైల్‌సిస్టమ్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, వాడండి, డిస్కుల పేర్లు రీబూట్‌కు మారిపోవచ్చు. రాసి సేవ్ చేశాక రీబూట్ కొట్టకండి. ముందు మౌంట్‌కు మైనస్ ఏ ఇచ్చి చూడండి, ఫైండ్‌మౌంట్ కమాండ్‌కు వెరిఫై ఆప్షన్ ఇచ్చి తప్పులు చూపమనండి. రెండూ శుభ్రంగా వచ్చాకే రీబూట్.

ఒకవేళ ఇరుక్కుంటే కంగారు పడవద్దు. ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇచ్చాక రూట్ ఫైల్‌సిస్టమ్‌ను రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, ఆ లైను ముందు # పెట్టి రీబూట్ చేయండి. ల్యాబ్‌లో కావాలనే తప్పు యూయూఐడీ రాసి రెండు మూడు సార్లు ఇలా బయటపడండి, భయం దానంతటదే పోతుంది.

ఎల్‌వీఎంలో ఎక్కువగా ఎక్కడ పోతుంది?

ప్లస్ గుర్తు దగ్గర. ఎల్‌వీఎక్స్‌టెండ్‌కు పెద్ద ఎల్ ఇచ్చి +5జీ అంటే ఉన్నదానికి 5 జీబీ కలుపుతుంది, ఉత్త 5జీ అంటే మొత్తం 5 జీబీ చేయమని. ఇక వాల్యూమ్ పెంచినంత మాత్రాన పైనున్న ఫైల్‌సిస్టమ్ పెరగదు. చిన్న ఆర్ ఆప్షన్ కూడా ఇస్తే రెండూ ఒకేసారి పెరుగుతాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను పెంచగలం గానీ తగ్గించే దారి లేదని గుర్తుంచుకోండి.

సర్వీసు స్టార్ట్ చేశాను, పనిచేసింది. మార్కులు ఎందుకు రాలేదు?

రీబూట్ అయ్యాక అది లేచి ఉండదు. సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ ఇప్పటికి మాత్రమే నడుపుతుంది. ఎనేబుల్ చేస్తే బూట్‌లో లేస్తుంది, కానీ ఇప్పుడు నడవదు. ఎనేబుల్‌కు నౌ ఆప్షన్ కలిపితే రెండూ జరుగుతాయి. ఈ "ఇప్పటికా, ఎప్పటికా" అన్న ప్రశ్న లినక్స్ అంతటా ఉంది. ఐపీ కమాండ్‌తో ఇచ్చిన అడ్రస్ రీబూట్‌తో పోతుంది, నెట్‌వర్క్‌మేనేజర్ ద్వారా ఇచ్చింది నిలుస్తుంది. సిస్‌సీటీఎల్‌తో మార్చిన విలువ పోతుంది, కాన్ఫిగ్ ఫైలులో రాసింది ఉంటుంది. ఫైర్‌వాల్ రూల్‌కు పర్మనెంట్ ఇవ్వకపోతే పోతుంది; ఇచ్చి రీలోడ్ చేయకపోతే ఇప్పుడు అమలు కాదు. ఏ పని చేసినా రెండు వైపులా అడగడం అలవాటు చేసుకోండి. చేతిపని పరీక్షలో కనీసం ఒక్క రీబూట్‌కు సమయం మిగుల్చుకోండి.

కిల్ అంటే 9 కొట్టడమే కదా?

కాదు. కిల్ ప్రాసెస్‌కు ఒక సిగ్నల్ నంబరు పంపుతుంది. ఏ నంబరూ ఇవ్వకపోతే వెళ్లేది 15, అంటే టర్మ్. ప్రాసెస్ సర్దుకుని ఆగే అవకాశం ఇస్తుంది. 9ని ప్రాసెస్ పట్టుకోలేదు, వద్దనలేదు. ముందు 15, వినకపోతేనే 9. చాలా సర్వీసులు కాన్ఫిగ్ మళ్లీ చదవడానికి 1 వాడతాయి.

2>&1 ఎక్కడ పెట్టాలి?

ఫైలుకు మళ్లించిన తర్వాత. ఇక్కడ 1 అంటే కమాండ్ మామూలు ఫలితం, 2 అంటే ఎర్రర్లు. షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. "> ఫైలు 2>&1" అంటే ముందు 1 ఫైలు వైపు తిరిగింది, తర్వాత 2ను 1 ఎటుంటే అటు పంపాం, కాబట్టి రెండూ ఫైలులోకే వెళ్తాయి. తిరగేసి "2>&1 > ఫైలు" అని రాస్తే, 2 వెళ్లే సమయానికి 1 ఇంకా స్క్రీన్ వైపే ఉంది. ఆ తర్వాత 1 మాత్రమే ఫైలుకు మారింది. ఎర్రర్లు స్క్రీన్ మీదే పడతాయి. &1 అన్నది బంధం వేయడం కాదు, ఆ క్షణంలో ఉన్న గమ్యాన్ని కాపీ చేయడం.

క్రాన్‌లో రాసింది సరిగ్గానే ఉంది, నడవడం లేదు.

క్రాన్ అంటే చెప్పిన వేళకు కమాండ్లు నడిపే సర్వీసు. స్క్రిప్ట్‌ను చేత్తో నడిపితే పనిచేస్తుంది, క్రాన్‌లో పనిచేయదు అంటే ఎక్కువసార్లు కారణం పాత్, అంటే కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితా. క్రాన్‌కు మీ లాగిన్ సెట్టింగులు ఉండవు, దానికి తెలిసిన డైరెక్టరీలు తక్కువ. కమాండ్లకు పూర్తి పాత్ రాయండి. లైనులో % గుర్తు ఉంటే ముందు \ పెట్టండి, లేకపోతే దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది.

5 ఫీల్డుల వరుస: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఆదివారానికి 0, 7 రెండూ చెల్లుతాయి. పరీక్షలో అడిగే ముడి ఒకటుంది. "0 9 13 * 5" అని రాస్తే 13వ తేదీ శుక్రవారం అయినప్పుడు మాత్రమే నడుస్తుందనుకుంటారు. తేదీ, వారం రెండూ ఇచ్చినప్పుడు ఏ ఒక్కటి కుదిరినా చాలు. కాబట్టి ప్రతి నెలా 13న, ప్రతి శుక్రవారం కూడా ఉదయం 9కి నడుస్తుంది.

ఏపీటీ అప్‌డేట్, డీఎన్‌ఎఫ్ అప్‌డేట్ ఒకటేనా?

పేరు ఒకటే, పని వేరు. ఏపీటీ డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ కమాండ్, డీఎన్‌ఎఫ్ రెడ్ హ్యాట్ కుటుంబానిది. ఏపీటీ అప్‌డేట్ ప్యాకేజీల జాబితాను మాత్రమే తాజా చేస్తుంది. ప్యాకేజీలు మారాలంటే అప్‌గ్రేడ్ కొట్టాలి. డీఎన్‌ఎఫ్‌లో అప్‌డేట్ అంటేనే అప్‌గ్రేడ్. ఒక ఫైలు ఏ ప్యాకేజీది అని అడిగితే ఆర్‌పీఎమ్‌కు మైనస్ క్యూఎఫ్, డీపీకేజీకి మైనస్ పెద్ద ఎస్.

నెట్‌వర్క్ ప్రశ్నలకు ఎంతవరకు చదవాలి?

వరుసగా ఆలోచించడం వస్తే చాలా వరకు వచ్చినట్టే. అడ్రస్ ఉందా, గేట్‌వేకు పింగ్ వెళ్తోందా, బయటి ఐపీకి వెళ్తోందా, పేరు పెడితే ఆగుతోందా. ఐపీకి వెళ్లి పేరుకు వెళ్లకపోతే తప్పు డీఎన్‌ఎస్‌లో ఉందని అనుకోవచ్చు. రిజాల్వ్ కాన్ఫ్ ఫైలు చూడండి. హోస్ట్స్ ఫైలు ముందా, డీఎన్‌ఎస్ ముందా అన్నది ఎన్‌ఎస్‌స్విచ్ కాన్ఫ్ ఫైలు నిర్ణయిస్తుంది. ఏ పోర్టు తెరిచి ఉందో ఎస్‌ఎస్ కమాండ్ చెబుతుంది. పోర్టు నంబర్లు మాత్రం నోటికి రావాల్సిందే: ఎస్‌ఎస్‌హెచ్ 22, ఎస్‌ఎమ్‌టీపీ 25, డీఎన్‌ఎస్ 53, హెచ్‌టీటీపీ 80, ఎన్‌టీపీ 123, హెచ్‌టీటీపీఎస్ 443. సబ్‌నెట్ లెక్కలో /24కు 254 హోస్టులు, /26కు 62.

ఎస్‌ఈలినక్స్‌ను ఆపేస్తే సరిపోదా?

ఎస్‌ఈలినక్స్ ఫైళ్లకు, ప్రాసెస్‌లకు లేబుళ్లు పెట్టి, మామూలు పర్మిషన్ల మీద ఇంకో కాపలా వేస్తుంది. పని చేసే చోట ఆపకండి, పరీక్షలోనూ ఆపకండి. ఎన్‌ఫోర్సింగ్‌లో ఉంచి పని చేయించమనే అడుగుతారు. ఎక్కువగా ఎదురయ్యేది ఇది: హోమ్ డైరెక్టరీలో తయారుచేసిన పేజీని ఎమ్‌వీతో వెబ్ సర్వర్ డైరెక్టరీలోకి తెచ్చారు. పర్మిషన్లు సరిగ్గా ఉన్నాయి, అయినా సర్వర్ 403 అంటోంది. ఎమ్‌వీ చేసినప్పుడు ఫైలు పాత లేబుల్‌తోనే వస్తుంది. కొత్త ఫైలుగా సీపీ చేసి ఉంటే ఆ డైరెక్టరీ లేబుల్ వచ్చేది. ఎల్‌ఎస్‌కు పెద్ద జెడ్ ఇచ్చి లేబుల్ చూడండి, రిస్టోర్‌కాన్‌తో సరిచేయండి. మీరు సొంతంగా పెట్టుకున్న డైరెక్టరీ అయితే ముందు ఎస్‌ఈమేనేజ్‌తో రూల్ రాసి, తర్వాత రిస్టోర్‌కాన్ కొట్టాలి. సీహెచ్‌కాన్‌తో మార్చింది తర్వాత ఎవరైనా రిస్టోర్‌కాన్ కొడితే చెరిగిపోతుంది.

రూట్ పాస్‌వర్డ్ తెలియని మెషీన్ ఇస్తే?

బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో e అక్షరం నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే లైను చివర ఇనిట్=/బిన్/బ్యాష్ కలిపి కంట్రోల్ ఎక్స్ నొక్కండి. షెల్ వస్తుంది. రూట్ ఫైల్‌సిస్టమ్‌ను రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, పాస్‌డబ్ల్యూడీ కొట్టండి. ఎస్‌ఈలినక్స్ ఉన్న మెషీన్ అయితే రూట్ డైరెక్టరీలో .ఆటోరీలేబుల్ పేరుతో ఖాళీ ఫైలు పెట్టడం మరిచిపోవద్దు. అది మరిచిపోతే షాడో ఫైలు లేబుల్ తప్పిపోయి, కొత్త పాస్‌వర్డ్‌తో కూడా లాగిన్ కాలేకపోవచ్చు.

మ్యాన్ పేజీలు పరీక్షలో చూడనిస్తారా?

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, ఎల్‌ఎఫ్‌సీఎస్‌లలో సిస్టమ్‌లో ఉన్న మ్యాన్ పేజీలు వాడుకోవచ్చు. ఎల్‌పీఐసీలో కుదరదు. సెక్షన్లు తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది: 1లో కమాండ్లు, 5లో ఫైళ్ల ఫార్మాట్లు, 8లో అడ్మిన్ కమాండ్లు. క్రాన్‌ట్యాబ్ లైను ఎలా రాయాలో కావాలంటే మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్ తెరవాలి, ఉత్త మ్యాన్ క్రాన్‌ట్యాబ్ కొడితే కమాండ్ పేజీ వస్తుంది. పేరు గుర్తు రాకపోతే మ్యాన్‌కు మైనస్ కే ఇచ్చి వెతకండి. చాలా పేజీల చివర్లో ఉదాహరణలు ఉంటాయి, నేరుగా అక్కడికే వెళ్లండి.

డంప్‌లు చదివితే పాస్ కావచ్చా?

లీకైన ప్రశ్నలు వాడటం పరీక్ష ఒప్పందానికి విరుద్ధం, దొరికితే సర్టిఫికేట్ రద్దు చేయవచ్చు. అంతకంటే నాకు బాధ కలిగించేది, వాటిలోని తప్పుడు జవాబులను నమ్మి, రాత్రి 2 గంటలకు సర్వర్ ఆగినప్పుడు ఏం చేయాలో తెలియక నిలబడిపోయేవాళ్లను చూడటం. ఆ సమయాన్ని ల్యాబ్‌లో పెట్టండి.

సర్టిఫికేట్ ఎన్నాళ్లు చెల్లుతుంది?

ఎల్‌పీఐసీ-1 5 ఏళ్లు, ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, లినక్స్ ప్లస్ 3 ఏళ్లు, ఎల్‌ఎఫ్‌సీఎస్ 2 ఏళ్లు. ఎల్‌పీఐసీ-1కు రెండు పేపర్లూ 5 ఏళ్ల లోపు పాస్ కావాలి, కాబట్టి 101 అయ్యాక 102ను మరీ దూరం నెట్టకండి.